అంబాసిడర్‌కి సూపర్‌ఛార్జరా, ఫ్యూయల్ ఇంజెక్షనా?

నాన్నగారి_కారు (విశాఖపట్నం)
1974 అంబాసిడర్ మార్క్ 2, 1489 సీసీ పెట్రోలు. నాన్నగారు కొన్నది, ఇప్పుడు నా చేతికొచ్చింది. మొన్న మే నెలలో అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే అనంతగిరి రాకముందే రెండుసార్లు ఆగిపోయింది. ఏసీ పంపుకి (ఇంజిన్ మీదుండే పెట్రోలు పంపు) తడిగుడ్డ చుట్టి, పావుగంట కూర్చుని మళ్లీ కదిలాం. రెండో గేర్లో కూడా ఏడుస్తూనే ఎక్కింది.

బావమరిది సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే బ్లోయర్) పెట్టించమంటున్నాడు. మా మెకానిక్ మాత్రం "కార్బురేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ, అంటే నాజిళ్లతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్, చేయిద్దాం సార్" అంటున్నాడు. డబ్బు ఒకదానికే ఉంది. ఏది చేయించమంటారు?

ఎడిసన్_ఎంజీబీ (న్యూజెర్సీ)
నా ఓటు సూపర్‌ఛార్జర్‌కే. నా దగ్గరున్నది 1972 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని 1798 సీసీ ఇంజినూ మీ అంబాసిడర్‌దీ ఒకే వంశం, బీఎంసీ బి-సిరీస్. ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్ బిగించి, జంట ఎస్‌యూ కార్బురేటర్ల స్థానంలో ఒక్క పెద్ద ఎస్‌యూ పెట్టాను. బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, 6 పీఎస్ఐ. వాతావరణ పీడనం 14.7 కాబట్టి కాగితం మీద నలభై శాతం గాలి ఎక్కువ. వేడి, బెల్టు తినే శక్తి పోగా అంత రాదు గానీ, 2000 ఆర్‌పీఎంకే బండి వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది. ఘాట్ రోడ్డుకి కావలసింది అదే.

ఒక జాగ్రత్త. కార్బురేటర్ బ్లోయర్‌కి ముందుండాలి. అప్పుడు దానికి మామూలు గాలే తగులుతుంది, పెట్రోలు ఆవిరవుతూ గాలిని కాస్త చల్లబరుస్తుంది కూడా. బ్లోయర్ తర్వాత పెడితే ఫ్లోట్ చాంబర్‌కీ బూస్ట్ ఇవ్వాలి, పంపు ఒత్తిడి బూస్ట్‌ని మించాలి, ఆ తలనొప్పి మీకొద్దు.

పాత కారుకి ఇది అపచారం అనేవాళ్లకి ఒక మాట. 1933లో ఇటలీ రేసర్ నువొలారి టూరిస్ట్ ట్రోఫీ గెలిచిన ఎంజీ కె3కి ఉన్నది సూపర్‌ఛార్జరే, దానికి పెట్రోలు పోసింది కార్బురేటరే.

రెండు_నాజిళ్లు (హైదరాబాద్)
ఆ లెక్కన ఇంజెక్షనూ పాతదే అన్నా, మెర్సిడెస్ 300ఎస్ఎల్‌కి 1954లోనే ఉంది. చరిత్ర ఇద్దరికీ సరిపోయింది, పక్కన పెడదాం.

ఆయన కారు ఆగింది శక్తి చాలక కాదు, పెట్రోలు పంపులోనే మరిగి. ఏసీ పంపు ఇంజిన్‌కే అతుక్కుని 3, 4 పీఎస్ఐ ఇస్తుంది. ఇంజెక్షన్‌లో ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు, లైన్‌లో 43 పీఎస్ఐ, మిగిలింది రిటర్న్‌లో వెనక్కి. మరగడానికి సందేదీ?

రెండోది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. శుద్ధ పెట్రోలుకి గాలి నిష్పత్తి (బరువులో ఒక పాలు ఇంధనానికి) 14.7, ఇథనాల్‌కి 9. ఇరవై శాతం కలిస్తే 13.5 దగ్గరికి దిగుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచే పాత జెట్‌కి ఆ సంగతి తెలియదు, బండి లీన్‌గా, అంటే పెట్రోలు తక్కువై, పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉంటే ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్) అదే సర్దుకుంటుంది, అరకు ఎత్తుకి కూడా.

చేయించేముందు ఒకటి చూసుకోండి. బి-సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి ఇన్‌లెట్ దారులు రెండే. ఫైరింగ్ 1-3-4-2. అంటే 2 పీల్చిన వెంటనే అదే దారిలో 1 పీలుస్తుంది, ఆ తర్వాత క్రాంక్ దాదాపు ఒక చుట్టు తిరిగేదాకా ఖాళీ. సిలిండర్‌కొక నాజిల్ అంటే పెట్టే చోటే లేదు. మీ మెకానిక్ నాలుగు పెడతానంటే ఆ షెడ్డు మార్చండి. ఇలాంటి హెడ్డే ఉన్న మినీకి రోవర్ వాళ్లు 1991లో ఒకటే నాజిల్ పెట్టారు, 1996లో దారికొకటి చొప్పున రెండు. నేనూ రెండే పెట్టుకున్నాను. మొదటి మూడు నెలలు ఐడిల్‌లో మిస్సింగ్‌తో చచ్చాను, అదీ చెప్పాలి.

ఎడిసన్_ఎంజీబీ
డైనమో మాట దాటేశావు తమ్ముడూ. ఐడిల్‌లో అది దాదాపు ఏమీ ఇవ్వదు. పంపు, ఈసీయూ, నాజిళ్లు దేనిమీద నడుస్తాయి?

రెండు_నాజిళ్లు
ఆల్టర్నేటర్ వేయాల్సిందే. ఖర్చులో కలుపుకోండి.

పాత_షెడ్డు (రాజమండ్రి)
నలభై ఏళ్లుగా ఈ ఇంజిన్లు దించుతూ ఎక్కిస్తూ ఉన్నాను. ఎంజీబీ బాబూ, నీ క్రాంక్‌కి మెయిన్ బేరింగులు ఐదు, 1964 చివర్లోనే మార్చేశారు. అంబాసిడర్‌ది మూడే. దానిమీద బూస్టంటే మూలిగే నక్క మీద తాటిపండే. ఈ20తో లీన్‌గా పోయేదానికి గాలి ఇంకా దంచితే నాకింగ్ (పెట్రోలు తనంతట తానే పేలడం) మొదలవుతుంది, పిస్టన్ నెత్తి కరుగుతుంది. ఒకటి చూశాను కూడా, నడుమ వేలు పట్టేంత చిల్లు.

అసలు ఆ బండి కంప్రెషన్ చూశారా ఎవరైనా? రెండో గేర్లో ఏడుస్తుందంటే నాకు అనుమానం కార్బురేటర్ మీద కాదు. నాలుగు ప్లగ్గులూ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, సెల్ఫ్ కొట్టి గేజ్ చూడు బాబూ. ఆ నాలుగు అంకెలు ఇక్కడ పెట్టు.

వీఏ_ప్లేటు (బెంగళూరు)
మధ్యలో దూరుతున్నా. కారుకి యాభై ఏళ్లు దాటాయి కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ అడగొచ్చు, ఇరవై వేలు ఫీజు, నంబర్లో వీఏ వస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ ఆలోచన ఉంటే రెండూ మానేయండి.

నాన్నగారి_కారు
వీఏ ఆలోచన లేదండీ, ఇది రోజూ తిరిగే బండి.

షెడ్డు బాబాయ్ గారూ, నిన్న చూశాం. 1కి 118 పీఎస్ఐ, 2కి 115, 3కి 72, 4కి 120. మూడో దాంట్లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొడితే 104కి లేచింది.

పాత_షెడ్డు
రింగులు పోయాయి. ఇంజిన్ దించు. బోరు అరిగిందో లేదో కొలిపించి, అవసరమైతే ఓవర్‌సైజు పిస్టన్లు వేయించు. పంపుకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య రేకు అడ్డం పెట్టు, ఇథనాల్‌కి తట్టుకునే కొత్త డయాఫ్రమ్, పైపులు వెయ్యి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచు. ఇంజిన్ ఎలాగూ బయటుంటుంది కాబట్టి ఆల్టర్నేటర్ బ్రాకెట్ ఇప్పుడే కట్టించు. రేపు నాజిళ్ల అబ్బాయి మాట విన్నా పనికొస్తుంది.

ఎడిసన్_ఎంజీబీ
72 చూశాక నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

నాన్నగారి_కారు
సోమవారం దించుతున్నాం. గాజువాక వైపు బోరింగ్ బాగా చేసే లేత్ షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.