సెంటు స్థలంలో ‘సెంటు’ ఎక్కడిది?

గుంటూరు నుంచి ప్రశ్న: మా నాన్నగారి దస్తావేజులో ‘మూడున్నర సెంట్లు’ అని ఉంది. హైదరాబాదు అల్లుడు “అంటే ఎన్ని గుంటలు మామయ్యగారూ?” అన్నాడు. నూట డెబ్భై గజాలని చెప్పి తప్పించుకున్నాను. అసలీ మాట ఎక్కడిదండీ?

విజయవాడ నుంచి జవాబు: అత్తరు సెంటుకూ దీనికీ చుట్టరికం లేదండీ. లాటిన్‌లో సెంటుమ్ అంటే నూరు. ఎకరంలో నూరో వంతు సెంటు. దీని వెనక నేల కొలిచే ఒక గొలుసుంది. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఆంగ్లేయ గణితవేత్త 66 అడుగుల గొలుసును 100 లింకులుగా చేశాడు. పది చదరపు గొలుసులైతే ఎకరం. పొడవు వెడల్పులను లింకుల్లో గుణించి వెయ్యితో భాగిస్తే సెంట్లు వచ్చేస్తాయి. శిస్తు కట్టవలసిన ప్రతి చెక్కకూ కొలత కావలసిన మద్రాసు ప్రభుత్వానికి ఇంతకన్నా సులువైన లెక్క ఏముంటుంది? అంతకు ముందు మనవాళ్లు ‘తూమెడు విత్తనాల చేను’ అనేవారు, అంటే ఒక తూము (పాత ధాన్యపు కొలత) విత్తనాలు పట్టే నేల. అందులో నేల గుణం కూడా కలిసి ఉండేది. గొలుసుకు ఆ సంగతి పట్టదు. అందుకే శిస్తు నిర్ణయించే సెటిల్‌మెంటువారు మట్టి మంచిచెడ్డలను ‘తరం’ పేరుతో విడిగా రాసుకున్నారు. సర్వే శాఖలో ‘చైన్‌మ్యాన్’ అనే ఉద్యోగం పేరు కూడా ఆ గొలుసు చలవే. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఇప్పటికీ మనల్ని వదల్లేదు.

గుంటూరు: గంటర్ గొలుసు గుంటూరులో పుట్టిందని మా మాస్టారు చెప్పేవారు! నలభై ఏళ్లుగా గర్వపడుతున్నాను.

విజయవాడ: పడండి, దానికి శిస్తు లేదు.

తుళ్లూరు నుంచి: మా ‘జరీబు’ సంగతీ ఇలాంటిదే. పారసీలో అది కొలత పేరు. మా కృష్ణ ఒడ్డున మాత్రం బావి నీళ్లు చేతికందే, ఏడాది పొడవునా పండే భూమి. రాజధానికి భూములిచ్చినప్పుడు ఏటా ఇచ్చే కౌలు మెట్టకు ఎకరానికి 30 వేలు, జరీబుకు 50 వేలు అన్నారు. కొలత మాట నేల గుణమై కూర్చుంది.

విజయవాడ: భలే, సెంటుకు ఆ భాగ్యం పట్టలేదు. అన్నట్టు, మీ అల్లుడుగారి గుంట కూడా గొలుసు బిడ్డే. బొంబాయి సర్వేవారిది 33 అడుగుల గొలుసు, గంటర్ దాంట్లో సగం. ఆ పొడవుకు ఆ వెడల్పు వేస్తే గుంట, అంటే 121 గజాలు, రెండున్నర సెంట్లు. మీ స్థలం గుంటన్నరకు కాస్త తక్కువని చెప్పండి.