జస్టిన్‌ని ఉరికంబం ఎక్కించింది ఎవరు? 'ఫ్రాంకెన్‌స్టైన్' మీద చర్చ

పాతకాగితం:
మేరీ షెల్లీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' రెండోసారి చదవడం నిన్న రాత్రే పూర్తయింది. 1818లో అచ్చయిన నవల. చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే విద్యార్థి ఇంగోల్‌స్టాట్‌లో చదువుకుంటూ, శవాల భాగాలు కూర్చి ఎనిమిది అడుగుల ఆకారం తయారుచేసి దానికి ప్రాణం పోస్తాడు. అది కళ్లు తెరవగానే భయపడి పారిపోతాడు. దిక్కూ మొక్కూ లేక తిరిగిన ఆ ప్రాణి చివరికి విక్టర్ తమ్ముడు విలియంని చంపుతుంది. ఆ నింద ఇంట్లో పనిచేసే జస్టిన్ మీద పడుతుంది. ఆమెను ఉరితీస్తారు. (ఫ్రాంకెన్‌స్టైన్ అనేది తయారుచేసినవాడి పేరు. ఆ ప్రాణికి నవలలో అసలు పేరే లేదు.)

నా ఉద్దేశంలో తప్పంతా విక్టర్‌దే. ప్రాణం పోయడం తప్పు కాదు, వదిలేసి పోవడం తప్పు. ఆ నవంబరు రాత్రి విక్టర్ పడకగదిలో దూరి నిద్రపోతాడు. మెలకువ వచ్చేసరికి మంచం తెర ఎత్తి పట్టుకుని ఆ ప్రాణి అతన్నే చూస్తూ ఉంటుంది. ఏదో గొణుగుతుంది. బుగ్గలు ముడతలు పడేలా నవ్వుతుంది. ఒక చెయ్యి చాస్తుంది. విక్టర్ ఆ చేతిని తప్పించుకుని మెట్లు దిగి పరుగెడతాడు. పుట్టి ఒక్క రోజైనా కాలేదు! పసిబిడ్డ చేసే పనే కదా అది? నారు పోసినవాడు నీరు పోయడా అంటాం మనం. ఇక్కడ పోసినవాడు మడి వదిలి పారిపోయాడు.

నల్లకోటు:
పాతకాగితం గారూ, ఈ వాదన నేను కోర్టులో తరచూ వింటాను. "చిన్నప్పుడు చూసేవాళ్లు లేరండీ, అందుకే ఇలా తయారయ్యాడు" అంటారు. శిక్ష తగ్గించమని అడగడానికి అది పనికొస్తుంది. నిర్దోషి అనడానికి పనికిరాదు.

విలియం హత్య ఆవేశంలో జరిగిందనే అనుకుందాం. మరి జస్టిన్ సంగతి? పిల్లాడి మెడలో ఉన్న వాళ్లమ్మ చిత్రాన్ని తీసుకుని, దగ్గరగా నడిచి వెళ్తున్న ఒక అమ్మాయి బట్టల మడతల్లో ఆమెకు తెలియకుండా పెట్టాడు. ఆమె అతనికి ఏ అపకారమూ చేయలేదు. పైగా ఇలా కీడు చేయడం తను చాటుగా గమనించిన డి లేసీ కుటుంబంలోని ఫెలిక్స్ దగ్గర విన్న పాఠాల వల్లా, మనుషుల క్రూరమైన చట్టాల వల్లా నేర్చుకున్నానని తనే చెప్పుకుంటాడు. సాక్ష్యం ఎలా సృష్టించాలో, కోర్టు దాన్ని ఎలా నమ్ముతుందో లెక్క వేసుకుని చేసిన పని అది. దానికి విక్టర్‌ని ఎలా ఉరితీస్తారు?

రాత్రిడ్యూటీ:
ముందు ఒక చిన్న మాట. పాతకాగితం గారు "అది చంపుతుంది" అని రాశారు, నల్లకోటు గారు "పెట్టాడు" అని రాశారు. తెలుగులో ఈ ఒక్క అక్షరం దగ్గరే మనం తీర్పు చెప్పేస్తున్నాం. మాట్లాడి, చదివి, ఏడ్చినవాడిని "అది" అనడం నాకు చేతకాదు.

నేను నెలలు నిండని పిల్లల వార్డులో నర్సుని. మొదటిసారి అద్దాల పెట్టెలో తన బిడ్డను చూసి మొహం తిప్పుకున్న తల్లుల్ని చూశాను. ట్యూబులు, లోపలి నరాలు కనిపించేంత పల్చటి చర్మం, పిడికిలంత తల. భయం వేస్తుంది. నిన్నమొన్న ఒకావిడ రెండు రోజులు తలుపు దగ్గరే నిలబడిపోయింది. మూడో రోజు లోపలికి వచ్చి వేలు అందించింది, వాడు పట్టుకున్నాడు. అందుకే మొదటి రాత్రి పారిపోయినందుకు నేను విక్టర్‌ని తప్పుపట్టను. మర్నాడు ఏం చేశాడో చూడండి. స్నేహితుడు క్లెర్వల్‌తో తిరిగి వచ్చి, గది ఖాళీగా ఉందని తెలియగానే సంతోషంతో చప్పట్లు కొడతాడు! మాట కూడా రాని ఒక ప్రాణి చలికాలంలో ఎటు పోయిందో అని వెతకనే లేదు. నా దృష్టిలో నేరం అక్కడ మొదలైంది.

మేరీకి ఇదంతా పుస్తకాల్లో దొరికిన విషయం కాదు. 1797లో తను పుట్టిన కొన్ని రోజులకే తల్లి చనిపోయింది. 1815లో తన మొదటి బిడ్డ నెలలు నిండక పుట్టి కొద్ది రోజులకే పోయింది. ఆ పాప చల్లబడిందంతే, మంట దగ్గర ఒళ్లు రుద్దితే మళ్లీ బతికిందని కల వచ్చినట్టు డైరీలో రాసుకుంది. మరుసటి ఏడాది జెనీవా సరస్సు దగ్గర ఈ కథ మొదలుపెట్టినప్పుడు ఆమెకు 18 ఏళ్లు, పక్కన నెలల కొడుకు. ఆ పిల్లాడి పేరు విలియం. నవలలో మొదట చనిపోయే పిల్లాడికి ఆ పేరే పెట్టింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నల్లకోటు:
రాత్రిడ్యూటీ గారూ, "అతను" అనే అందాం. కానీ అలా అన్నాక ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఎద్దు పొడిస్తే ఎద్దు మీద కేసు ఉండదు, యజమానిని అడుగుతాం. మనిషి అయితే అతన్నే అడగాలి. దయ అంటే ఏమిటో అతనికి తెలుసు కూడా. డి లేసీ కుటుంబం పేదదని గ్రహించగానే వాళ్ల తిండి దొంగిలించడం మానేసి దుంపలూ కాయలూ తిన్నాడు. రాత్రిళ్లు కట్టెలు కొట్టి వాళ్ల గుమ్మం ముందు పేర్చాడు. నదిలో కొట్టుకుపోతున్న అమ్మాయిని కాపాడాడు. అంత మంచి ఎరిగినవాడు జస్టిన్ దగ్గర చెడును ఎంచుకున్నాడు. అతన్ని మనిషిగా గౌరవించడమంటే ఆ ఎంపికకు జవాబు అడగడమే.

ఏటిగట్టు:
ఆ అమ్మాయిని కాపాడినందుకు తుపాకీ దెబ్బ తిన్నాడు కదండీ, అది వదిలేశారు.

నా ప్రశ్న వేరే. తనకు తోడుగా ఒక స్త్రీని తయారుచేసి ఇమ్మని అతను అడిగితే విక్టర్ ఒప్పుకుని, ఆర్క్‌నీ దీవుల్లో సగం చేసి, అతని కళ్ల ముందే ముక్కలు చేసేస్తాడు. అందరూ దాన్ని క్రూరత్వం అంటారు. నాకు మాత్రం విక్టర్ మొదటిసారి బాధ్యతగా ఆలోచించింది అక్కడే అనిపిస్తుంది. తను పుట్టకముందు ఇద్దరు మగవాళ్లు చేసుకున్న ఒప్పందానికి ఆమె ఎందుకు కట్టుబడాలి అని అనుకుంటాడు. "నన్ను కనమని నేనడిగానా" అని పిల్లలు అడుగుతారే, నవల మొదటి పేజీలో పెట్టిన ఇంగ్లీషు కవి మిల్టన్ పంక్తుల భావం అదే. ఆ ప్రశ్న రెండోసారి పుట్టకుండా ఆగాడు.

రాత్రిడ్యూటీ:
ఆమె గురించి ఆలోచించాడు, నిజమే. కానీ మాట ఇచ్చి తప్పినవాడు, తర్వాత ఏమవుతుందో చూసుకోవద్దా? అతను పగబట్టి చంపితే క్లెర్వల్ పోయాడు, పెళ్లిరాత్రి విక్టర్ భార్య ఎలిజబెత్ పోయింది.

పాతకాగితం:
ఇవన్నీ చదివి, విచారణ అధ్యాయం మళ్లీ తీశాను. తప్పంతా విక్టర్‌దే అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నల్లకోటు గారు చెప్పినట్టు ఆ చిత్రం పెట్టిన చెయ్యి ఆ ప్రాణిది, ఆ పాపం అతనిదే. ఇకనుంచి "అతను" అనే రాస్తాను.

కానీ విక్టర్ చేసింది వదిలేయడం ఒక్కటే కాదని కూడా ఈసారి కనబడింది. అసలు హంతకుడెవరో తెలిసి కూడా కోర్టులో కూర్చున్నాడు. చెబితే పిచ్చివాడి ప్రేలాపన అంటారని ఊరుకున్నాడు. వెలివేస్తానని, నరకానికి పోతావని పాదిరి బెదిరిస్తే జస్టిన్ చేయని నేరం ఒప్పుకుంది. చేసిన పని ఒప్పుకోవడానికి విక్టర్ మాత్రం నోరు తెరవలేదు. పారిపోయిన రాత్రి అతనికి ఆలోచించుకునే సమయం లేదు, ఇక్కడ ఉంది. చనిపోయే ముందు కూడా తన నడవడిలో తప్పేమీ కనబడలేదంటాడు. ఆ వాక్యం దగ్గర నాకు కోపం ఆగలేదు.

ఏటిగట్టు:
మీ దగ్గర ఉన్నది ఏ ప్రతి? 1831లో మేరీ నవలను దిద్ది మళ్లీ అచ్చువేయించింది. అందులో విక్టర్ తలరాత మాట ఎక్కువగా ఎత్తుతాడు. జస్టిన్ దగ్గర చిత్రం పెట్టే సీన్ కూడా మారింది. కొట్టంలో నిద్రపోతున్న జస్టిన్ మీదికి అతను వంగి, ప్రేమికుడిలా లేవమని పిలుస్తాడు. ఆమె లేచి తనను చూస్తే శపిస్తుందని తోచి, అప్పుడు ఆ చిత్రం పెడతాడు.

నల్లకోటు:
నేను చదివింది 1818ది. ఆ పిలుపు సంగతి నాకు తెలియదు. రెండోది తెప్పించుకుని చదివాక మళ్లీ రాస్తాను.