కేప్ కాలనీ వంశవృక్షంలో పులికాట్ ఆడమనిషి: ఆమె ఆ కుటుంబమా, ఆ కుటుంబపు ఆస్తా?

కేప్‌టౌన్_వదిన
మా అబ్బాయి ఇక్కడ దక్షిణాఫ్రికాలో ఆఫ్రికానర్ల (పాతకాలంలో వలసొచ్చిన డచ్చి, ఫ్రెంచి, జర్మన్ తెల్లవాళ్ళ సంతతి) అమ్మాయిని చేసుకున్నాడు. వియ్యంకుడుగారు రిటైరయ్యాక వంశవృక్షం పనిలో పడ్డారు. మొన్న భోజనానికి పిలిచి టేబుల్ మీద పెద్ద చార్టు పరిచారు. అన్నీ ఫ్రెంచి, జర్మన్ పేర్లు, మధ్యలో "కాథరీనా వాన్ పాలియాకట్టె". అంటే పులికాట్ కాథరీనా. డచ్చివాళ్ళ బటావియాలో (ఇప్పటి జకార్తా) బానిస. తనతో ఉన్న మగవాణ్ణి చంపిన కేసులో 1656లో మరణశిక్ష వేసి, తర్వాత దాన్ని ప్రవాసశిక్షగా మార్చి కేప్‌కి, అంటే ఇక్కడి డచ్ వలసకి పంపారు. ఇక్కడ ఒక జర్మన్ సైనికుడి వల్ల క్రిస్టోఫెల్ స్నైమన్ పుట్టాడు, 1669లో బాప్తిజం. అతను మార్గరీత్ ద సవోయ్ అనే హ్యూగనాట్ల (ఫ్రాన్స్ వదిలి వచ్చిన ప్రొటెస్టెంట్ల) పిల్లని చేసుకున్నాడు. ఆ ఇంటిపేరు వాళ్ళలో పెద్ద వంశమే.

వియ్యంకుడుగారు "మీ వాళ్ళమ్మాయే మా మూలపుటమ్మ" అని ఒకటే సంబరం. నాకేమో ఏమనాలో తోచలేదు. వలస వచ్చి స్థిరపడిన కుటుంబం అన్నప్పుడు ఆమెని అందులో కలపొచ్చా? పాత రికార్డులు తెలిసినవాళ్ళు చెప్పండి.

సరదాగా
పులికాట్ తమిళనాడు కదండీ. తెలుగమ్మాయి ఎలా అయింది?

సూళ్ళూరుపేట
ఊరు అటు, సరస్సులో ఎక్కువ భాగం ఇటు. డచ్చివాళ్ళున్న రోజుల్లో ఈ రాష్ట్రాలెక్కడివి?

సరదాగా
సరస్సులో పుట్టలేదుగా ఆవిడ.

రిటైర్డ్_రైటర్
జీవితమంతా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసినవాణ్ణి, ఈ కేప్ రికార్డులు ఈమధ్య వ్యసనంలా పట్టుకున్నాయి. కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

అమ్మాయి ఎవరి అమ్మాయన్నది పక్కన పెట్టండి. కుటుంబం అన్నది వీలునామాలో తేలాలి, భూమిలో తేలాలి. కేప్‌లో రెండూ దొరుకుతాయి. మైనర్ పిల్లల్ని వదిలి మనిషి పోతే ఆర్ఫన్ చాంబర్ (తండ్రో తల్లో పోయిన పిల్లల ఆస్తి చూసే ఆఫీసు) తరఫున వచ్చి ఇంట్లో ఉన్నదంతా రాసుకునేవాళ్ళు. ముందుగది, పక్కగది, వంటిల్లు, సారా పీపాల కొట్టు, గది తర్వాత గది. 17వ శతాబ్దం నుంచి 1834 దాకా ఆ జాబితాలున్నాయి. ఎత్తిరాసి ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. భార్యాభర్తలు కలిసి ఒకే వీలునామా రాయడం వాళ్ళలో మామూలు. ఉమ్మడి ఆస్తిలో సగం బతికున్నవాళ్ళది, మిగతా సగంలో పిల్లలకి వాటాలు, ఆడపిల్లకీ సమానంగా. మనకి ఉమ్మడి ఆస్తిలో కూతురి వాటా ఎన్టీఆర్ హయాంలో, 1986 సవరణతో వచ్చింది. దేశమంతా అంటే 2005.

అందుకని అక్కడ కొడుకుల ఇంటిపేరు పట్టుకుని పొలం వెతికితే దొరకదు. అల్లుడి పేరు మీద ఉంటుంది, లేదా విధవ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే రెండో భర్త పేరు మీద ఉంటుంది. ఆ మార్గరీత్ కూడా స్నైమన్ పోయాక హెన్నింగ్ విల్యోన్‌ని చేసుకుంది. మీ వియ్యంకుడి చార్టులో ఆ మలుపు ఉందా? ఇంతకీ కాథరీనా కొడుక్కి ఏమన్నా రాసిచ్చినట్టు కాగితం ఉందా? లేకపోతే అది చర్చి రిజిస్టరులో పేరు, అంతే.

లంకపిల్ల
రాసిచ్చేందుకు ఏమీ లేకపోతే తల్లి కాదా?

రిటైర్డ్_రైటర్
అలా అనలేదమ్మా. రుజువు గురించి మాట్లాడుతున్నా. మా మేనత్త పేరు మా తాత వీలునామాలో ఎక్కడా లేదు. ఆవిడ పెళ్ళికే పసుపుకుంకుమ కింద పొలం రాసిచ్చేశారు. తర్వాత మా పెదనాన్న కొడుకులు "వీలునామాలో లేదు కాబట్టి ఆ పొలం కూడా మాదే" అని కోర్టుకెళ్ళి ఆవిణ్ణి ఏడిపించారు. పేరు లేనంత మాత్రాన కూతురు కాకుండా పోదని నాకంటే తెలిసినవాళ్ళు లేరు. కానీ ఆవిడకి దస్తావేజు ఉంది, దానితో గెలిచింది. కాథరీనాకి ఏముంది?

పాతకాగితం
వీలునామా, భూమి కావాలంటే ఏంజెలా వాన్ బెంగాల్ ఉంది కదండీ. బెంగాల్ నుంచి తెచ్చి అమ్మిన మనిషి. కేప్‌లో డచ్ కంపెనీ మొదటి కమాండరు వాన్ రీబెక్ ఇంట్లో బానిస. 1666లో పిల్లలతో సహా విడుదలైంది, 1667లో టేబుల్ వ్యాలీలో స్థలం ఇచ్చారు, 1669లో బాసన్ అనే తెల్లవాడితో పెళ్ళి. ఆమె కూతురు అన్నా డి కోనింగ్ భర్త ఓలోఫ్ బెర్గ్ 1716లో కొన్నది గ్రూట్ కాన్‌స్టాన్షియా. వైన్‌కి పేరుపడ్డ ఎస్టేటు అదే. తల్లి చేయి పట్టుకుని బానిసత్వంలోంచి బయటికొచ్చిన పిల్ల అక్కడ దొరసాని అయింది. ఈవిడ సెట్లర్ కాదంటారా?

రిటైర్డ్_రైటర్
అదీ లెక్క. కాగితం ఉంది, ఒప్పుకుంటా.

భూమి సంగతి మాత్రం జాగ్రత్త వదినగారూ. మీ వియ్యంకుడు "మా పొలం మూడువందల ఏళ్ళది" అంటే వెంటనే నమ్మకండి. లోపలి ప్రాంతాల్లో చాలా పొలాలు లోన్ ఫార్మ్‌లు, అంటే ఎరువిచ్చిన పొలాలు. భూమి కంపెనీదే, పశువులు మేపుకోడానికి ఏటేటా అనుమతి. 1732 నుంచి ఏడాదికి 24 రిక్స్‌డాలర్లు (అప్పటి డచ్చి నాణేల లెక్క) శిస్తు. ఇల్లు కట్టిన చోటు నుంచి గుర్రం మామూలు నడకన అరగంట పోతే ఎంత దూరమో అంతమేర చుట్టూ మనదే, కొలతా లేదు, హద్దురాయీ లేదు. అమ్ముకోడానికి హక్కున్నది ఓప్‌స్టాల్ మీద, అంటే పైనున్న కట్టడం మీద మాత్రమే. మన డీకేటీ పట్టా (సర్కారు పేదలకిచ్చిన భూమి) బాపతే, అమ్మకూడదనేవాళ్ళు, అందరూ అమ్మేవాళ్ళు. కాబట్టి రిజిస్ట్రీ దస్తావేజుల్లో వెతికితే కనపడదు, లోన్ ఫార్మ్ పుస్తకాలు వేరే చూడాలి. 24 కట్టిన రసీదు వరుస దొరికితేనే...

సరదాగా
వదినగారు అడిగింది మనిషి గురించి, మీరు శిస్తు దగ్గర ఆగిపోయారు.

జోబర్గ్
ఆ నేల ఖోయ్ జనాలది, అక్కడి మూలవాసులది. 1672లో వాళ్ళ దొర దగ్గర కొన్నట్టు కంపెనీ ఒక కాగితం రాయించుకుంది. అందులో రాసిన సొమ్ముకీ, చేతికిచ్చిన సరుక్కీ పొంతనే లేదు. "కాగితం ఉంది" అనేవాళ్ళు అదీ చదవండి.

లంకపిల్ల
పాతకాగితం గారూ, అన్నా డి కోనింగ్ పోయాక కాన్‌స్టాన్షియాలో తీసిన జాబితా చూశారా? అందులో బానిసల పేర్లున్నాయి. ఏంజెలాకీ బానిసలుండేవాళ్ళు. "దొరసాని అయింది" అని ఎంత ముచ్చటగా రాశారో!

పాతకాగితం
నేను జరిగింది చెప్పాను, మెచ్చుకోలేదు.

రిటైర్డ్_రైటర్
ఆ కాలాన్ని ఆ కాలం లెక్కలోనే చూడాలి. చిన్న గుడిసె నుంచి పెద్ద ఎస్టేటు దాకా అందరిదీ అదే పద్ధతి. జాబితాలోకి ఎక్కిన మనిషికి ఆ ఇంట్లో తిండీ బట్టా ఉన్నట్టే కదా. మా ఇంట్లో పాలేళ్ళని ఇంటి మనుషుల్లాగే చూసేవాళ్ళం. పండక్కి మాతో పాటే కొత్త బట్టలు.

లంకపిల్ల
ఇంతసేపూ అందుకే ఊరుకోలేకపోతున్నాను సార్. మా తాత పాలేరు. ఆ ఆసామి ఇంటి పద్దుపుస్తకం వాళ్ళ మనవడు నాకు ఫోటో తీసి పంపాడు, మంచిపనే. అందులో ఎడ్లజత కొన్న ఖర్చు, దాని కింద నాగలి బాగుచేసిన ఖర్చు, దాని కింద "పెద్దోడికి జీతం గింజలు". పేరు కూడా కాదు, పెద్దోడు. ఆ ఇంట్లో ఆయన్నీ "ఇంటిమనిషి" అనేవాళ్ళట. ఇంటిమనిషి అయితే వీలునామాలో గజం నేలన్నా ఉండాలిగా? కేప్ జాబితాల్లోనూ వరుస అదే. కుర్చీలు, పీపాలు, మనుషులు, ఎడ్లు. మనిషి పేరు పక్కన "కోస్తా" (మన తూర్పుతీరం), "బెంగాల్" అని ఏ రేవు నుంచి తెచ్చారో రాసేవాళ్ళు, ధరలు కట్టిన చోట పక్కనే ధర.

రిటైర్డ్_రైటర్
నా మీద పడతారేంటమ్మా? నేను ఎవరి నేలా లాక్కోలేదు. పైగా ఆ పద్దుపుస్తకం ఉండబట్టే మీ తాత పని చేసినట్టు రుజువు దొరికింది. లేకపోతే ఏం చూపించేవారు?

లంకపిల్ల
మా అమ్మని చూపించేదాన్ని. మీరు రుజువు అడిగేది ఎప్పుడూ మావైపు వాళ్ళనే. వియ్యంకుడుగారి పైవరుసలో ఫ్రెంచివాళ్ళలో ఎంతమందికి వీలునామా ఉందని ఒక్కసారన్నా అడిగారా?

సూళ్ళూరుపేట
నిజమే, అడగలేదు.

రిటైర్డ్_రైటర్
హ్యూగనాట్లకి 1688 నుంచి ఓడల జాబితాలున్నాయి. అడగాల్సిన పని లేదు.

లంకపిల్ల
చూశారా!

కేప్‌టౌన్_వదిన
ఇందాకే వియ్యంకుడుగారికి ఫోన్ చేశాను. వాళ్ళ వంశంలో ఒకాయన పోయినప్పుడు తీసిన జాబితా నకలు ఆయన దగ్గరే ఉందట. అందులో బానిసలున్నారా అంటే, ఉన్నారన్నారు, ఇద్దరు కోస్తావాళ్ళే. మరి వాళ్ళని చార్టులో ఎందుకు పెట్టలేదన్నాను. "వాళ్ళు మా కుటుంబం కాదు కదా" అన్నారు. మరి కాథరీనా ఎలా అయిందంటే, "ఆమెకి మా వాడు పుట్టాడుగా" అన్నారు. మంచి మనిషే, కావాలని అన్న మాట కాదు. మా ఆయన పక్కనుంచి "ఇక వదిలెయ్" అని సైగ చేస్తున్నారు.

రిటైర్డ్_రైటర్
ఆయన అన్నదాంట్లో తప్పేముంది? వంశవృక్షం అంటే సంతతి. ఆ ఇద్దరికీ సంతతి ఉంటే వాళ్ళ వృక్షం వాళ్ళు వేసుకోవాలి. 1816 నుంచి బానిసల రిజిస్టర్లు పెట్టారు, తల్లి పేరు దొరికే అవకాశం ఉంది. 1834లో బానిసల విడుదల చట్టం అమల్లోకి వచ్చాక యజమానులు పరిహారం అడిగిన కాగితాలు ఇంకో దారి.

జోబర్గ్
పరిహారం యజమానులకే, గమనించండి.

లంకపిల్ల
వాళ్ళ వృక్షం వాళ్ళు వేసుకోడానికి కావలసిన కాగితం వియ్యంకుడుగారి బీరువాలో ఉంది సార్. వదినగారూ, ఆ ఇద్దరి పేర్లు, పక్కన ఏ ఊరు రాశారో, ఏ సంవత్సరపు జాబితానో పెట్టగలరా?

కేప్‌టౌన్_వదిన
ఆదివారం వాళ్ళు మా ఇంటికొస్తున్నారు. నకలు తెమ్మన్నాను, తెస్తానన్నారు. ఫోటో తీసి పెడతాను.