స్టూడియోకి సొంతంగా నాస్ కడుతున్నా: ట్రూనాసా, ఓఎంవీనా, అన్‌రెయిడా?

కెమెరా_తణుకు

అందరికీ నమస్కారం. తణుకులో మాకు చిన్న ఫోటో, వీడియో స్టూడియో ఉంది. పెళ్లిళ్లే మా ప్రధాన పని. రెండు వీడియో కెమెరాలు, డ్రోన్, స్టిల్స్ అన్నీ కలిపి ఒక్కో పెళ్లికి 300 నుంచి 500 జీబీ దాకా వస్తోంది. ఇప్పటిదాకా అంతా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లోనే దాచాం. బీరువాలో వరసగా పెట్టి, ఒక్కోదాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి పెళ్లికొడుకు ఇంటిపేరు, ఊరు, నెల రాసుకుంటాం.

మొన్న అందులో ఒకటి కంప్యూటర్‌కి పెడితే టక్‌టక్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది. ఆ పెళ్లివాళ్లకు ఆల్బమ్, ఎడిట్ చేసిన వీడియో ఎప్పుడో ఇచ్చేశాం. రా ఫుటేజ్ మాత్రం అందులోనే ఉంది. ఇప్పుడు వాళ్లకు పాప పుట్టింది, మొదటి పుట్టినరోజు ఫంక్షన్‌లో వెయ్యడానికి పెళ్లి క్లిప్పులతో ఒక వీడియో చెయ్యమని అడిగారు. అప్పటినుంచీ నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

అందుకే నాస్, అంటే డిస్కులన్నీ ఒకచోట పెట్టి నెట్‌వర్క్‌లో అందరం వాడుకునే స్టోరేజ్ మెషిన్, కట్టాలని గట్టిగా అనుకున్నా. పాత ఎడిటింగ్ మెషిన్ ఖాళీగా ఉంది. ఐ5-6500 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, బోర్డు మీద ఆరు సాటా పోర్టులు. 8 టీబీ డిస్కులు రెండు కొత్తవి కొన్నాను, 4 టీబీది ఒకటి ముందే ఉంది. డేటా మొత్తం 9 టీబీ దాకా ఉంటుంది. నేను, తమ్ముడు, ఒక ఎడిటర్ కుర్రాడు వాడతాం. రెండు విండోస్ మెషిన్లు, ఒక మ్యాక్.

ట్రూనాస్, ఓఎంవీ (ఓపెన్‌మీడియావాల్ట్), అన్‌రెయిడ్ మూడూ నాస్ కోసం చేసిన ఓఎస్‌లే, వాటిలో ఏది వెయ్యాలన్న దగ్గరే ఆగిపోయాను. ఒకచోట ట్రూనాస్ కోర్ మంచిదంటారు, ఇంకోచోట స్కేల్ అంటారు. ఈసీసీ ర్యామ్ (తప్పుల్ని తానే సరిదిద్దుకునే ర్యామ్) లేకపోతే ట్రూనాస్ వాడే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ జోలికే పోవద్దంటారు. ఒక్కో టీబీకి ఒక జీబీ ర్యామ్ ఉండాలంటారు. డిస్కుల సైజులు వేరువేరు కాబట్టి అన్‌రెయిడ్ అంటారు. లైనక్స్ కమాండ్లు నాకు రావు, బ్రౌజర్‌లో క్లిక్‌లతో అయ్యే పనైతే నేర్చుకుంటాను. మా దగ్గర వేసవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, అదొక టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

ఖమ్మం_సర్వీస్

నమస్తే అండి. ఓఎస్ సంగతి తర్వాత, ముందు ఆ టక్‌టక్‌మనే డిస్క్. దాన్ని ఇంకొక్కసారి కూడా కరెంటుకి తగిలించకండి. రికవరీ సాఫ్ట్‌వేర్లు అసలే వద్దు. ఆ చప్పుడు ఎక్కువగా లోపల హెడ్ దెబ్బతిన్నప్పుడు వస్తుంది. తిప్పిన ప్రతిసారీ ప్లేటు మీద గీతలు పడే ప్రమాదం ఉంది. క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ వాళ్లకు అలాగే ఇవ్వండి, ఖర్చెంతో ముందే అడగండి. ఆ పాప పుట్టినరోజుకి ఇంకా ఆశ ఉంది.

ఇక ఓఎస్. నేను ఖమ్మంలో సర్వీస్ షాపు నడుపుతాను, స్టూడియోలకు, ఆఫీసులకు ఇలాంటి మెషిన్లు కట్టిస్తుంటాను. మీ పనికి నా ఓటు ట్రూనాస్‌కే. యాప్స్ ఎన్ని ఉన్నాయి, స్క్రీన్ ఎంత అందంగా ఉంది అన్నవి చూసి చెప్పడం లేదు. పెళ్లిని మళ్లీ షూట్ చెయ్యలేం. సినిమాలు దాచుకునేవాళ్లకు ఒక ఫైల్ పోతే మళ్లీ తెచ్చుకుంటారు, మీకు ఆ అవకాశం లేదు. కాబట్టి రాసిన ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టించే లెక్క) పెట్టుకుని, చదివేటప్పుడు సరిచూసి, తేడా వస్తే రెండో కాపీ నుంచో పారిటీ (పోయిన డేటాని తిరిగి కట్టడానికి దాచే అదనపు లెక్క) నుంచో బాగుచేసే ఫైల్‌సిస్టమ్ మీకు కావాలి. అది జెడ్ఎఫ్ఎస్. దాన్ని బ్రౌజర్ నుంచి నడిపించడానికి ట్రూనాస్ కంటే తేలికైనది నాకు కనపడలేదు.

కోర్, స్కేల్ గందరగోళం పాత వ్యాసాల వల్ల వచ్చింది. 2005లో ఫ్రీనాస్‌గా మొదలైనదే 2020లో ట్రూనాస్ కోర్ అయింది, దాని అడుగున ఉన్నది ఫ్రీబీఎస్‌డీ అనే యునిక్స్ రకం ఓఎస్. స్కేల్ డెబియన్ లైనక్స్ మీద కట్టింది, మొదటి స్థిరమైన విడుదల 2022లో వచ్చింది. ఇప్పుడు కొత్త పనంతా లైనక్స్ వైపే జరుగుతోంది. 2025లో వచ్చిన 25.04 నుంచి దాని పేరు కమ్యూనిటీ ఎడిషన్. మీరు అదే వెయ్యండి, ఉచితమే. రేపు 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు కొంటే చాలా కార్డుల్లో రియల్‌టెక్ చిప్పే ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీలో వాటితో తంటాలు ఎక్కువ, లైనక్స్‌లో మామూలుగా నడుస్తాయి.

ఈసీసీ ఉంటే ఏ సర్వర్‌కైనా మంచిదే. అది లేనంతమాత్రాన జెడ్ఎఫ్ఎస్ మిగతా ఫైల్‌సిస్టమ్‌ల కంటే ప్రమాదం ఏమీ కాదు. జెడ్ఎఫ్ఎస్‌ని రాసినవాళ్లలో ఒకరైన మాథ్యూ ఆరెన్స్ స్వయంగా చెప్పిన మాట ఇది. టీబీకి జీబీ లెక్క కూడా పక్కన పెట్టండి. ట్రూనాస్ కనీసం 8 జీబీ అడుగుతుంది, ముగ్గురు మనుషులకు మీ 16 జీబీ హాయిగా సరిపోతుంది. డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న డేటాని ఒక్కసారే దాచడం) అనే ఆప్షన్ మాత్రం ఆన్ చెయ్యకండి, అది ర్యామ్ తినేస్తుంది. పైగా వీడియో ఫైళ్లకు దానివల్ల లాభమూ లేదు.

అసలు ఆలోచించాల్సింది డిస్కుల దగ్గర. రెండు 8 టీబీలను మిర్రర్ చేస్తే, అంటే రెండింటిలోనూ ఒకే డేటా పెడితే, మీకు దక్కేది ఒక డిస్క్ చోటే, విండోస్ లెక్కలో 7.2 టీబీ. మీ 9 టీబీ అందులో పట్టదు. పోనీ 4 టీబీని కూడా కలిపి రెయిడ్-జెడ్1 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా పారిటీని అన్నిటిమీదా పంచే పద్ధతి) చేద్దామంటే, జెడ్ఎఫ్ఎస్ మూడింటినీ 4 టీబీ డిస్కులుగానే చూస్తుంది. అప్పుడూ దక్కేది 8 టీబీయే, పెద్ద డిస్కుల్లో సగం చోటు వృథా. కాబట్టి ఇంకో 8 టీబీ డిస్క్ కొని, మూడింటితో మొదటిరోజే రెయిడ్-జెడ్1 చెయ్యండి. 14 టీబీ పైచిలుకు వస్తుంది. ఇప్పుడు మిర్రర్ చేసి తర్వాత మార్చుకుందాంలే అనుకోకండి, మిర్రర్‌ని రెయిడ్-జెడ్‌గా మార్చడం కుదరదు, డేటా అంతా దింపి మళ్లీ ఎక్కించాల్సిందే. రెయిడ్-జెడ్‌కి మాత్రం నాలుగో డిస్క్ తర్వాత కలుపుకోవచ్చు. 2024 చివర్లో వచ్చిన 24.10 నుంచి ఆ సౌకర్యం ఉంది.

కొనేటప్పుడు సీఎంఆర్ (ట్రాకులు ఒకదానిమీద ఒకటి పడకుండా రాసే) డిస్కేనని మోడల్ నంబరుతో సరిచూసుకోండి. ఎస్ఎంఆర్ (ట్రాకులు కొంత ఒకదానిమీద ఒకటి పడేలా రాసే) డిస్క్ మామూలుగా బాగానే కనపడుతుంది. ఒక డిస్క్ పోయి కొత్తదాని మీద డేటా తిరిగి కట్టేటప్పుడు, అంటే సరిగ్గా మనకు అవసరమైనప్పుడు, నీరసపడిపోతుంది. ఓఎస్‌కి 128 జీబీ చిన్న ఎస్ఎస్‌డీ విడిగా పెట్టండి. ట్రూనాస్ ఆ డిస్క్ మొత్తాన్నీ తీసేసుకుంటుంది, అందులో డేటా దాచుకోనివ్వదు.

స్నాప్‌షాట్ల గురించి, అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో గుర్తుపెట్టుకునే సౌకర్యం గురించి, ఒకటి చూపించాలి. ఇక్కడ ఒక స్టూడియోలో సాయంత్రం పూట ఎడిటర్ ఒకతను చోటు ఖాళీ చేస్తూ హల్దీ ఫోల్డర్‌ని డిలీట్ కొట్టాడు. నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేస్తే విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు. నాకు ఫోన్ చేస్తే, పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'ప్రీవియస్ వెర్షన్స్' తెరవమన్నాను. గంటకొకటి చొప్పున వరసగా టైములు కనపడ్డాయి. నాలుగు గంటలది తెరిస్తే హల్దీ ఫోల్డర్ ఉన్నదున్నట్టు ఉంది, పట్టుకుని ఇవతలకి కాపీ చేసుకున్నారు. నేను షాపులో కుర్చీలోంచి లేవలేదు. ట్రూనాస్‌లో పీరియాడిక్ స్నాప్‌షాట్ టాస్క్ అని ఉంటుంది. గంటకొకటి తీసి, రెండు వారాలు ఉంచేలా పెట్టండి. డిలీట్ చేసినవాటి చోటు ఆ గడువు తీరాకే ఖాళీ అవుతుందని మీ వాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే కంగారుపడతారు.

కరెంటుకి: జెడ్ఎఫ్ఎస్ పాత డేటా మీద తిరగరాయదు కాబట్టి హఠాత్తుగా ఆగినా ఫైల్‌సిస్టమ్ చెడదు. ఆ క్షణంలో కాపీ అవుతున్న ఫైల్ మాత్రం పోతుంది. ఇంటి ఇన్వర్టర్‌ని నమ్ముకోకండి. యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ కొని సర్వర్‌కి కలపండి. ట్రూనాస్‌లో యూపీఎస్ సర్వీస్ ఆన్ చేస్తే, బ్యాటరీ తగ్గినప్పుడు అదే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. మోడల్ కొనేముందు ట్రూనాస్ యూపీఎస్‌తో మాట్లాడడానికి వాడే నట్ సాఫ్ట్‌వేర్ జాబితాలో ఉందో లేదో చూడండి.

వైజాగ్_లైనక్స్

పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తున్నా. ఓపెన్‌మీడియావాల్ట్ గురించి కూడా ఒకమాట, ఈ ప్రశ్నతో ఇక్కడికి వచ్చే మిగతావాళ్ల కోసం. మా ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్ మీద ఏళ్లుగా ఓఎంవీ నడుస్తోంది. మామూలు డెబియన్ మీద బ్రౌజర్ స్క్రీన్ పెట్టినట్టు ఉంటుంది, బరువు ఉండదు. రకరకాల సైజుల డిస్కులుంటే మెర్జర్‌ఎఫ్ఎస్ ప్లగిన్ అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లా చూపిస్తుంది, స్నాప్‌రెయిడ్ పారిటీ కాపాడుతుంది. ప్రతి డిస్కూ విడిగా ఈఎక్స్‌టీ4 అనే మామూలు లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి, మెషిన్ చచ్చిపోయినా డిస్క్ తీసి ఏ లైనక్స్ కంప్యూటర్‌కి పెట్టినా చదువుతుంది.

అయితే స్నాప్‌రెయిడ్ పారిటీ అప్పటికప్పుడు రాసేది కాదు. రాత్రి సింక్ పెడితే, ఈరోజు మధ్యాహ్నం ఎక్కించిన పెళ్లికి రాత్రిదాకా రక్షణ లేదు. పగలు పాత ఫైళ్లు చెరిపినా మార్చినా, ఆలోగా ఇంకో డిస్క్ పోతే దాన్ని పూర్తిగా కట్టడం కుదరకపోవచ్చు. పాటలు, సినిమాలు, ఇంటి ఫోటోలు, అంటే ఒకసారి పెట్టి కదపనివాటికి చక్కగా ఉంటుంది. రోజూ ఎడిటింగ్ నడిచే మీ స్టూడియోకి నేను సలహా ఇవ్వను.

ఎడిసన్_తెలుగు

న్యూజెర్సీ నుంచి. నాది అన్‌రెయిడ్, చాలా ఇష్టంగా వాడుతున్నా. మీ మూడు డిస్కులనూ ఇది కూడా ఉన్నవి ఉన్నట్టు వాడుకుంటుంది. ఒక 8 టీబీ పారిటీకి పోతే 8, 4 కలిపి 12 టీబీ దక్కుతుంది. పారిటీ కంటే ఎక్కువ డిస్కులు ఒకేసారి పోయినా, బతికున్న డిస్కుల్లోని ఫైళ్లు బతికే ఉంటాయి. రెయిడ్-జెడ్1లో రెండు పోతే మొత్తం పోయినట్టే.

డబ్బు కట్టాలి. 2024 మార్చిలో ధరలు మార్చారు. అప్పుడు ఆరు డిస్కుల దాకా స్టార్టర్ 49 డాలర్లు, లైఫ్‌టైమ్ 249 పెట్టారు. చిన్నదాంట్లో అప్‌డేట్లు ఒక ఏడాదికే, తర్వాత మళ్లీ కట్టాలి. రాసే వేగం ఒక్క డిస్క్ వేగం కన్నా తక్కువ, అందుకే ముందు ఎస్ఎస్‌డీ మీద రాసి తర్వాత డిస్కులకు పంపేలా క్యాష్ పెట్టుకుంటాం. ముగ్గురు ఒకేసారి ఎడిటింగ్ అంటే ఖమ్మం గారి సలహాయే నాకూ సరిగా అనిపిస్తోంది. ఇంట్లో సినిమాలకైతే నేను అన్‌రెయిడ్ తప్ప ఇంకోటి వాడను.

కెమెరా_తణుకు

అందరికీ చాలా చాలా థాంక్స్. డిస్క్‌ని కదపకుండా కవర్లో పెట్టేశాను, హైదరాబాద్‌లో రికవరీ చేసేవాళ్లతో మాట్లాడాను, చూసి చెప్తామన్నారు. మూడో 8 టీబీకి కూడా ఆర్డర్ పెడుతున్నా, ట్రూనాస్ ఖాయం. ఇంకో మూడు సందేహాలు. ఆ 4 టీబీ డిస్క్‌ని ఏం చెయ్యను? నాస్ మీదే నేరుగా ఎడిట్ చెయ్యొచ్చా? ఇప్పుడు సీజన్ నడుస్తోంది, ఎప్పుడు మారమంటారు?

ఖమ్మం_సర్వీస్

4 టీబీది ఆ పెట్టెలో పెట్టకండి. యూఎస్‌బీ డాక్‌లో పెట్టి, డెలివరీ కాని పెళ్లిళ్ల రా ఫుటేజ్ రెండో కాపీ దాని మీద ఉంచండి, రాత్రికి స్టూడియోలో కాకుండా ఇంట్లో ఉండాలి. రెయిడ్ అనేది డిస్క్ పోయినప్పుడు కాపాడుతుంది. దొంగతనం, షార్ట్ సర్క్యూట్, నీళ్లు వీటినుంచి కాపాడదు. బీరువాలో ఉన్న పాత డిస్కుల్ని కూడా చెరపకండి, డెలివరీ అయిపోయినవాటికి అవే రెండో కాపీ.

నేరుగా ఎడిట్ చెయ్యొచ్చు. గిగాబిట్ లైన్‌లో సెకనుకి 110 ఎంబీ దగ్గర ఆగుతుంది, ఒకరు 4కే చేసుకోవడానికి సరిపోతుంది, ముగ్గురికి ఇరుకు. ముందు ప్రాక్సీలు (తక్కువ సైజు నకళ్లు) చేసుకుని పని చెయ్యండి. ప్రీమియర్ వాడుతుంటే మీడియా క్యాష్‌ని మాత్రం ఎవరి మెషిన్‌లో వాళ్ల ఎస్ఎస్‌డీ మీదే ఉంచండి. అవసరం అనిపిస్తే అప్పుడు 2.5 గిగాబిట్ స్విచ్, కార్డులు కొనండి.

మారడానికి ఆషాఢం దాకా ఆగండి. పెళ్లిళ్లు ఉండవు, తొందరా ఉండదు. 9 టీబీ గిగాబిట్ మీద ఎక్కించడానికి ఏకధాటిగా నడిచినా దాదాపు 23 గంటలు, డిస్కులు మార్చుకుంటూ చేస్తే ఇంకా ఎక్కువ. ఈలోగా మెషిన్ కట్టి ఖాళీగా నడపండి. మూడు డిస్కులకూ స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్క్ తనని తానే మొత్తం పరీక్షించుకోవడం) పెట్టండి, 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది. రిపోర్టులో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (చెడిపోయిన, అనుమానం ఉన్న చోట్లు) సున్నా ఉండాలి. కొత్త డిస్కులో ఒక్కటి కనపడినా షాపువాళ్లకు వెనక్కి ఇచ్చెయ్యండి. సీఆర్‌సీ ఎర్రర్లు (డిస్క్‌కీ బోర్డుకీ మధ్య డేటా చెడినప్పుడు వచ్చేవి) పెరుగుతుంటే మాత్రం ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

అలర్ట్‌లు మీ జీమెయిల్‌కి వచ్చేలా పెట్టి, టెస్ట్ మెయిల్ వచ్చిందో లేదో చూసుకోండి. బిగించేముందు ప్రతి డిస్క్ సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు మీ తెల్ల ప్లాస్టర్ మీదే రాసి, క్యాబినెట్ తెరవగానే కనపడే వైపు అంటించండి. డిస్క్ పోతే ట్రూనాస్ సీరియల్ నంబర్ చెప్తుంది. పోయినదానికి బదులు పొరపాటున బాగున్నది పీకితే పూల్, అంటే డిస్కులన్నీ కలిసిన స్టోరేజ్, మొత్తం ఆగిపోతుంది.