గుండె గోడలో రంధ్రం: డివైస్‌తో మూయించడమా, ఆపరేషనా?

మా ఆరేళ్ల పాపకు గుండె పై గదుల మధ్య గోడలో 16 మిల్లీమీటర్ల రంధ్రం, అంటే సెకండమ్ రకం ఏఎస్‌డీ ఉన్నట్లు ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్ స్కాన్‌లో తేలింది. తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి, గోడకు ఇరువైపులా రెండు బిళ్లల్లా విచ్చుకునే డివైస్‌తో దానిని మూయవచ్చని ఒక వైద్యులు చెప్పగా, రంధ్రం చుట్టూ డివైస్ పట్టుకుని నిలవాల్సిన గోడ అంచు బృహద్ధమని వైపు 5 మిల్లీమీటర్ల కన్నా తక్కువగా ఉన్నందున ఛాతీ తెరిచి చేసే ఆపరేషనే మేలని మరొకరు అన్నారు. ఆ ఒక్క వైపు అంచు తక్కువైనా చాలామందికి డివైస్ అమరుస్తారనీ, అయితే అరుదుగా అది గుండె గోడను ఒరుసుకొని గాయం చేయవచ్చనీ చదివాక నాకు కలవరం ఎక్కువైంది. ఛాతీపై కోత లేకుండా, గుండెను ఆపకుండా పని జరిగిపోతుందంటే ఏ తల్లికి ఆశ పుట్టదు?

ఇలాంటి అంచు ఉన్న పిల్లలకు డివైస్ పెట్టించిన తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, ఆ నిర్ణయానికి ముందు అన్నవాహిక గుండా చేసే ఎకోతో అంచులను మళ్లీ కొలిచారా, తరువాత ఎంతకాలం ఆస్పిరిన్ వాడారు, ఎకోలు ఎంత తరచుగా తీయించారు అన్నది దయచేసి తెలియజేయగలరు. మరొక సందేహం కూడా ఉంది. పాపకు గిల్టు కమ్మలు పెడితే చెవి తమ్మెలు ఎర్రబడి దద్దురు లేస్తుంది; అలాంటి నగల్లో తరచుగా ఉండే నికెల్ లోహం ఈ డివైస్ తీగలోనూ ఉంటుంది కనుక, ముందుగా అలర్జీ పరీక్ష చేయించమని మీ వైద్యులెవరైనా సూచించారా?