అప్‌డేట్: ఎలక్ట్రిక్ స్కూటరే తీసుకున్నా

కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఎలక్ట్రిక్ స్కూటరా, పెట్రోల్‌దా అని అడిగాను కదా. చివరికి ఎలక్ట్రిక్‌దే కొన్నాను. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉండటం బాగా కలిసొచ్చింది.

రానూపోనూ 30 కిలోమీటర్లకు పాత బండి 70 రూపాయలకు పైగా పెట్రోల్ తాగేది. ఇప్పుడు ఒకటిన్నర యూనిట్ కరెంటు కూడా పట్టదు. అయితే మీలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: కరెంటు బిల్లు శ్లాబు. మా ఇంటి వాడకం ఎప్పుడూ 200 యూనిట్ల లోపే. స్కూటర్ వచ్చాక అది దాటింది. దాటితే ఆ పై యూనిట్లకే కాదు, మొదటి 200కి కూడా రేటు మారుతుంది. గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకం) కింద జీరో బిల్లు వచ్చేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోండి, అసలు లాభం అక్కడే పోవచ్చు.

పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ కోసం అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో పడ్డ తిప్పలు వేరే కథ. చివరికి మా మీటర్ నుంచే సొంత ఖర్చుతో వైరు లాగించుకున్నాను. అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌ను అడిగాకే బుక్ చేయండి.

ట్రాఫిక్‌లో మాత్రం హాయి. క్లచ్ లేదు, ఇంజిన్ వేడి లేదు. వరంగల్‌లో అమ్మావాళ్ల ఇంటికి మాత్రం బస్సే!