బూజు పట్టిన చెనిక్కాయ గింజలు వేయిస్తే సరిపోతుందా?

కదిరిపిల్ల:
ఊరి నుంచి అమ్మ పంపిన మూటలో కొన్ని గింజలు ముడుచుకుపోయి, పచ్చటి బూజుతో ఉన్నాయి. పారేస్తానంటే "నిప్పు తగిలినాక బూజేముంటాది, ఊరిబిండికి బాగా వేయించుకో" అంది. మా పెదనాన్న లివర్ క్యాన్సర్‌తో పోయారు, చుక్క మందు ముట్టని మనిషి. అప్పటినుంచీ నాకు టెన్షనే. ఈ బూజుకీ దానికీ నిజంగా సంబంధం ఉందా?

గింజలేరినవాడు:
ఉందండీ. తొమ్మిదేళ్లు చెనిక్కాయల మిల్లులో గ్రేడింగ్ చూశాను. వేయిస్తే బూజు చస్తుంది. అది గింజలోకి వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం కొంత తగ్గుతుందే గానీ పోదు. చేదు గింజ ఉమ్మేస్తే చాలనుకుంటారు, చేదు లేని గింజలోనూ విషం ఉండొచ్చు. పంట చివర్లో వాన మొహం చాటేస్తే చేలోనే మొదలవుతుంది. ఆపైన సగం ఆరిన కాయను గోనెకెత్తితే ఇంకేముంది! మా మేస్త్రీ కాయను చెవి దగ్గర ఆడించి, గలగలమంటేనే మూట కట్టనిచ్చేవాడు. ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలినవి ఏరేయండి. ఎక్కువ విషం వాటిలోనే.

ల్యాబ్‌కోటు:
పెదనాన్నగారికి లివర్‌కు పట్టే హెపటైటిస్-బి వైరస్ ఉండేదా? అసలు ప్రమాదం ఈ విషం, ఆ వైరస్ రెండూ కలిసినప్పుడే. షాంఘైలో 18,244 మంది మగవాళ్లను గమనిస్తూ వచ్చారు. లివర్ క్యాన్సర్ ముప్పు ఈ విషం ఒక్కటే ఉన్నవాళ్లలో సుమారు 3 రెట్లు, వైరస్ ఒక్కటే ఉంటే 7 రెట్లు, రెండూ ఉంటే దాదాపు 60 రెట్లు. అదే చైనాలో చిడాంగ్ అనే చోట 1980లలో జనం ఈ విషం ఎక్కువగా పట్టే మొక్కజొన్న మాని వరన్నానికి మారారు. 35 ఏళ్ల లోపువాళ్లలో ఈ క్యాన్సర్ చావులు సగానికి పైగా తగ్గాయి. వాళ్లంతా పసిపిల్లలందరికీ హెపటైటిస్-బి టీకా వేయడం మొదలవకముందు పుట్టినవాళ్లే. తిండి మారితేనే అంత తేడా!

కదిరిపిల్ల:
పాత ఫైలు తీసి చూశాను. హెపటైటిస్-బి పాజిటివ్ అనే ఉంది. మాకెవరూ చెప్పలేదు. రేపు ఇంట్లో అందరికీ రక్తపరీక్ష చేయిస్తున్నా. అమ్మ గింజలు ఏరడానికి ఒప్పుకుంది గానీ, తీసేసినవి కోళ్లకేస్తానంటోంది.

గింజలేరినవాడు:
అయ్యో, కోళ్లకొద్దండీ! ఈ విషం బయటపడిందే అలా. 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన చెనిక్కాయ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి.

కదిరిపిల్ల:
ఇప్పుడే ఫోన్ చేశా. గుంత తీసి పూడుస్తానంది, తిట్టుకుంటూనే.